పిల్లల గాయాల కేసులో కాలం ఎక్కడ పోతోంది?

సంపాదకులు గారికి నమస్కారం.

65వ నంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా, 44వ నంబరు మీద షాద్‌నగర్ నుంచి అలంపూర్ చౌరస్తా దాకా ఏ ప్రమాదం జరిగినా మరునాడు మీ జిల్లా పేజీలో ఉంటుంది. బడి ఆటో బోల్తా పడినా, పత్తి ఏరబోయే కూలీల ట్రాలీ తిరగబడినా గాయపడ్డ పిల్లల వయసు, ఏ దవాఖానలో చేర్చారో రాస్తారు. వార్త అక్కడితో అయిపోతుంది. తల్లిదండ్రుల తిప్పలు అక్కడే మొదలవుతాయి. ఆపరేషన్‌కు అప్పు తెచ్చినవాళ్లు పరిహారం కేసు కోసం వకీలు దగ్గరికి వచ్చి అడిగే మొదటి మాట, ‘కేసు ఎన్నాళ్లకు తెగుతది సార్?’ అని. రెండేళ్లు, మూడేళ్లు అని గట్టిగా చెప్పేవాళ్ల మాట నమ్మవద్దు. పిల్లల కేసులో కొంత కాలం ఆ పిల్లవాడి మేలు కోసమే ఆగాల్సి వస్తుంది. మిగతా కాలమంతా కాయితాల లోపంతో, పిలిస్తే రాని సాక్షులతో వృథాగా పోతుంది. ఏది ఏదో తెలియక కుటుంబాలు తొందరపడాల్సిన చోట కూర్చుంటున్నాయి, ఆగాల్సిన చోట తొందరపడి రాజీకి సంతకం పెడుతున్నాయి. ఈ ఉత్తరం దాని గురించే.

ముందు, ఎంత దూరం పోవచ్చో చూడండి. హర్యానాలో 2007 అక్టోబరు ప్రమాదంలో 12 ఏళ్ల పాప తల దెబ్బతిని నూరు శాతం వైకల్యం పాలైంది. ట్రిబ్యునల్ (బండి ప్రమాదాల పరిహారం తేల్చే కింది కోర్టు) రూ.11.08 లక్షలిచ్చింది, హైకోర్టు రూ.25.78 లక్షలు చేసింది. చివరికి 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రూ.62.27 లక్షలకు పెంచింది. ఢిల్లీలో 2009 జూన్‌లో ఏడేళ్ల పాపకు జరిగిన ప్రమాదంలో చివరి తీర్పు 2024 డిసెంబరులో వచ్చింది, పరిహారం రూ.50.87 లక్షలు. గుజరాత్‌లో 2012లో కాలు పోయిన ఎనిమిదేళ్ల పిల్లవాడికి 2025 సెప్టెంబరులో రూ.35.90 లక్షలు వచ్చాయి. అదే పిల్లవాడికి కింది ట్రిబ్యునల్ ఇచ్చింది రూ.3.90 లక్షలే. బడికి పోయే వయసులో మొదలైన కేసులు ముగిసేసరికి ముగ్గురికీ ఇరవై దాటాయి. అన్ని కేసులూ ఇంత సాగవు. కానీ పెద్ద గాయమైనప్పుడు మొదట వచ్చే అంకెకీ, న్యాయంగా రావాల్సిన అంకెకీ మధ్య తేడా ఐదు రెట్లు, తొమ్మిది రెట్లు ఉండగలదని ఈ కేసులు చెబుతున్నాయి.

చట్టంలో రాసిన గడువులు చూస్తే ఇది ఏడాది కూడా పట్టకూడని పని. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ప్రమాదం సంగతి తెలిసిన 48 గంటల్లో దర్యాప్తు అధికారి మొదటి నివేదిక పంపాలి. 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు, బీమా కంపెనీకి చేరాలి. ఆ తర్వాత 30 రోజుల్లో బీమా కంపెనీ తాను ఎంత ఇవ్వగలదో రాతలో చెప్పాలి. పోలీసులు పంపిన నివేదికనే పరిహారం దరఖాస్తుగా ట్రిబ్యునల్ తీసుకోవాలి. ఈ పద్ధతి పాటించాల్సిందేనని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. బాధితుల హక్కులేమిటో రాసి ఉండే ఫారం 2ను ఠాణా వాళ్లే కుటుంబానికి ఇవ్వాలి. ఇవ్వకపోతే అడిగి తీసుకోవాలి. అది దయ కాదు, వాళ్ల బాధ్యత.

పూర్తి నివేదిక ఆగేది ఎక్కువగా గాయాల సర్టిఫికెట్ దగ్గర. పిల్లవాడికి మిర్యాలగూడలో కట్టు కట్టి నల్లగొండకు పంపారు, అక్కడి నుంచి ఉస్మానియాకో నిమ్స్‌కో పంపారు అనుకుందాం. మూడు దవాఖానల్లో మూడు రికార్డులుంటాయి. పోలీసులు మొదటి దవాఖానకు ఉత్తరం రాస్తారు. వాళ్లు తుది అభిప్రాయం హైదరాబాద్ వాళ్లే ఇవ్వాలంటారు. హైదరాబాద్ దవాఖానకు ఉత్తరం పోయేసరికి నెలలవుతుంది. అందుకే ఏ దవాఖానలో అడుగుపెట్టినా ఎంఎల్‌సీ (పోలీసు కేసుగా దవాఖాన రాసుకునే) నంబరు, ఇన్‌పేషెంట్ నంబరు, తేదీ ఒక నోటుబుక్కులో రాసుకుని, దాని జిరాక్సు దర్యాప్తు అధికారికి ఇవ్వాలి. ఎవరిని అడగాలో ఆయనకు అప్పుడు తెలుస్తుంది.

ఇంకో ఆలస్యం ఊళ్లోనే పుడుతుంది. పిల్లవాణ్ని ముందు ఆర్‌ఎంపీ దగ్గరికో, కట్టు కట్టేవాళ్ల దగ్గరికో తీసుకుపోతారు. బండి మనది పక్కూరే అని పెద్దమనుషులు కూర్చుంటారు. ఇరవై వేలో ముప్పై వేలో చేతిలో పెట్టి, కేసు వద్దని మాట తీసుకుంటారు. నెల తర్వాత ఎముక సరిగా అతకలేదని, ప్లేటు వేయాలని డాక్టరు చెప్పినప్పుడు ఠాణాకు పోతారు. అప్పుడు ఎఫ్‌ఐఆర్ ఆలస్యం, దవాఖాన రికార్డులో ‘కింద పడ్డాడు’ అని ఉంటుంది. బీమా కంపెనీ వకీలు క్రాస్‌లో (సాక్షిని ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు) ముందుగా అడిగేది ఇదే. ఈ బండి అసలు ప్రమాదంలో ఉందా, తర్వాత తెచ్చి పెట్టారా అన్న అనుమానం ఒకసారి లేచాక దాన్ని తీర్చడానికి చుట్టుపక్కల సాక్షులను పిలవాలి, వాయిదాలు పెరుగుతాయి. దవాఖానలో చేర్చేటప్పుడు ‘ఏం జరిగింది’ అని అడిగితే బండి రకం, తెలిస్తే నంబరు, జరిగిన చోటు చెప్పి, అదే రాశారో లేదో చూడాలి. చికిత్సకు డబ్బు లేదని పోలీసులకు చెప్పకుండా ఆగనవసరం లేదు. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన దవాఖానల్లో మొదటి ఏడు రోజులకు రూ.1.5 లక్షల వరకు నగదు లేని చికిత్స పథకం ఉంది. దానికి పోలీసుల ధ్రువీకరణ కావాలి, కాబట్టి ఠాణాకు చెప్పడం రెండు విధాలా మంచిదే.

గడువు మాట. పరిహారం పిటిషన్ ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో వేయాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166(3) చెబుతోంది. ఈ నిబంధన చెల్లుతుందా అన్న వాదం సుప్రీంకోర్టుకు చేరింది. గడువు దాటిందన్న కారణంతో పిటిషన్లు కొట్టివేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు కూడా వచ్చింది. మధ్యంతర ఉత్తర్వును నమ్ముకుని కూర్చోవడం పిల్లల భవిష్యత్తుతో పందెం కాయడమే. ‘మైనర్ కదా, పద్దెనిమిది నిండాక వేసుకోవచ్చు’ అన్న మాట కూడా ఊళ్లలో బాగా తిరుగుతోంది. మామూలు సివిల్ దావాల్లో మైనర్లకు గడువు సడలింపు ఉన్న మాట నిజం. దాన్ని బండి ప్రమాదం కేసుకు అంటగట్టుకుని ఎవరూ ఆగవద్దు. ఛార్జిషీటు రాలేదనీ ఆగవద్దు. ఎఫ్‌ఐఆర్, గాయాల సర్టిఫికెట్, బండి వివరాలు చాలు, తండ్రో తల్లో సంరక్షకులుగా పిటిషన్ వేయవచ్చు. మిగతా కాయితాలు తర్వాత దాఖలు చేసుకోవచ్చు.

పాలమూరు వలస కుటుంబాలకు ఒక సంగతి ప్రత్యేకంగా తెలియాలి. పుణెలోనో ముంబయిలోనో బెంగళూరులోనో పని చోట పిల్లకు బండి తగిలితే కేసు అక్కడే నడపాలని చాలామంది అనుకుంటారు. రానూపోనూ ఖర్చులు లెక్కేసుకుని వదిలేస్తారు. అవసరం లేదు. పిటిషనర్ నివాసం ఉన్న చోటి ట్రిబ్యునల్‌లో వేసుకునే హక్కు చట్టమే ఇచ్చింది. నారాయణపేటలోనో మహబూబ్‌నగర్‌లోనో వేయవచ్చు. ఆధార్ మీద, రేషన్ కార్డు మీద ఇక్కడి చిరునామా ఉంటే నివాసం చూపడం తేలిక. కష్టం వేరే ఉంది. అక్కడి ఎఫ్‌ఐఆర్, పంచనామా మరాఠీలోనో కన్నడంలోనో ఉంటాయి. వాటి సర్టిఫైడ్ కాపీలు ఊరు తిరిగి వచ్చేముందే తెచ్చుకోవాలి, ఇక్కడ అనువాదం చేయించి జత చేయాలి. తర్వాత తెప్పించుకుందాంలే అని వస్తే ఆ ఒక్క పంచనామా కోసమే ఆర్నెల్లు తిరగాల్సి వస్తుంది.

ఇప్పుడు కాయితాల సంగతి. రెండే చెబుతాను, కానీ ఈ రెండింటితో ఆగిన కేసులు లెక్కలేనన్ని. ఒకటి పేరు. దెబ్బ తగిలిన గాభరాలో దవాఖాన రిజిస్టరులో పిల్లవాడి పేరు ‘చింటు’ అనో ‘బన్ని’ అనో రాయిస్తారు. ఆధార్‌లో, బడి రికార్డులో అసలు పేరుంటుంది. వయసు ఒక చోట 7, ఇంకో చోట 9. ఇద్దరూ ఒకరేనని రుజువు చేయడానికి బడి బోనఫైడ్, జనన ధ్రువపత్రం, దవాఖాన నుంచి సవరణ కావాలి. రికార్డు గది గుమస్తా సాక్ష్యం చెప్పాల్సి రావచ్చు కూడా. చేర్చిన రోజే పిల్లవాడి ఆధార్ ఫొటో ఫోన్‌లో చూపించి రాయిస్తే ఈ బాధ లేదు. రెండోది మందుల బిల్లు. మెడికల్ షాపు మిషన్‌లోంచి వచ్చే నున్నటి తెల్లకాయితం వేడికి అచ్చు పడేది, సిరాతో కాదు. ప్లాస్టిక్ కవరులో చుట్టి బీరువాలో పెడితే రెండు మూడేళ్లకు అంకెలు వెలిసిపోయి ఖాళీ కాయితం మిగులుతుంది. సాక్ష్యం రోజు ఆ కట్ట విప్పితే ఏ బిల్లు ఎంతో జడ్జికీ కనబడదు. బిల్లు తెచ్చిన రోజే జిరాక్సు తీసి, అసలుతో కలిపి పిన్ను కొట్టి, తేదీల వరుసలో ఒక జాబితా రాసి పెట్టాలి. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయితే పెద్ద బిల్లు ఉండదు. అట్లని అడగడానికేమీ లేదనుకోవద్దు. ఆటో, అంబులెన్సు, తోడున్నవాళ్ల కూలి నష్టం, పోషకాహారం, ఫిజియోథెరపీ అన్నీ అడగవచ్చు.

ఆగాల్సిన చోటు ఎక్కడో ఇప్పుడు చెబుతాను. పిల్లల ఎముక పెద్దవాళ్ల ఎముక లాంటిది కాదు. తొడ ఎముక, కాలి ఎముక చివర్లలో మెత్తని పొర ఒకటి ఉంటుంది, ఎముక పొడుగు పెరిగేది అక్కడే. ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూస్తే మోకాలి దగ్గర సన్నని నల్లగీతలా కనిపిస్తుంది. తెలియనివాళ్లు దాన్నే విరుగు అనుకుంటారు. విరుగు ఆ గీతను తాకితే, పైకి ఎముక అతికినా అక్కడ పెరుగుదల ఆగిపోవచ్చు. ఒక పక్కనే ఆగితే మోకాలు వంకర తిరుగుతుంది. మొత్తం ఆగితే ఆ కాలు పొట్టిదవుతుంది. కట్టు విప్పిన రోజు ఎనిమిదేళ్ల పిల్లవాడి కాళ్లు రెండూ సమానంగానే ఉంటాయి. చెప్పులు ఒక వైపే అరుగుతున్నాయని తల్లి గమనించేది ఏడాదికో రెండేళ్లకో. ఎముకల పెరుగుదల ఆడపిల్లల్లో సుమారు 14 ఏళ్లకు, మగపిల్లల్లో 16 ఏళ్లకు పూర్తవుతుంది. కాబట్టి కట్టు విప్పిన నెలకే వైకల్యం సర్టిఫికెట్ తీసుకుంటే అందులో 5 శాతమో 10 శాతమో ఉంటుంది, ఆ అంకె మీదే రాజీ అయిపోతుంది.

తల దెబ్బలోనూ ఇంతే. ఆరేళ్ల పిల్ల మాట్లాడుతోంది, నడుస్తోంది అంటే బాగైనట్టేనని అందరూ అనుకుంటారు. లెక్కలు, గుర్తుంచుకుని రాయడం వచ్చే తరగతులకు పోయాక వెనకబడుతుంది. మూర్ఛ కూడా ఆలస్యంగా మొదలవ్వచ్చు. కాలిన గాయాల మచ్చ చర్మంతో పాటు సాగదు; పిల్ల పెరిగేకొద్దీ మోచేయి, మెడ ముడుచుకుపోయి మళ్లీ మళ్లీ ఆపరేషన్ కావాల్సి వస్తుంది. కాలు తీసేసిన పిల్లలకు కృత్రిమ కాలు ఏటా చిన్నదవుతూ ఉంటుంది, పెరిగినప్పుడల్లా కొత్తది కావాలి.

అట్లని పదహారేళ్లు వచ్చేదాకా కేసు ఆపమని కాదు. పిటిషన్ ఆరు నెలల్లో వేయాలి. చికిత్స చేసిన డాక్టరును ఒక్క ప్రశ్న రాతలో అడగాలి: పెరుగుదల పొర దెబ్బతిన్నదా? అవునంటే ఆర్నెల్లకోసారి రెండు కాళ్లకూ కలిపి ఎక్స్‌రే తీయించి, తేదీ ఉన్న ఫిల్ములు దాచుకోవాలి. స్థితి నిలకడకు వచ్చిందని డాక్టరు అన్నాకే మెడికల్ బోర్డు ముందుకు పోవాలి. ఇంకా ఆపరేషన్లు మిగిలుంటే ఎన్ని, ఏ వయసులో, ఇప్పటి ధరల్లో ఎంత అవుతుందో డాక్టరుతో అంచనా రాయించి, భవిష్యత్తు వైద్య ఖర్చు కింద అడగాలి. ఒకసారి తుది తీర్పు వచ్చాక అదే గాయానికి రెండోసారి పిటిషన్ వేయడం కుదరదు. ఇది తెలియక పోగొట్టుకున్న కుటుంబాల బాధ చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

కోర్టులో ఎంవీఓపీ (పరిహారం పిటిషన్) నంబరు పడ్డాక మొదటి ఆటంకం బండి యజమాని సమన్లు. మన దగ్గర ట్రాక్టరు, ఆటో, టాటా ఏస్ చేతులు మారినా రిజిస్ట్రేషన్ మారదు. రికార్డులో ఉన్న యజమాని ఎప్పుడో ఊరు విడిచి ఉంటాడు, సమన్లు ‘ఈ చిరునామాలో లేరు’ అని తిరిగొస్తాయి. మళ్లీ చిరునామా, మళ్లీ బత్తా (సమన్లు పంపే ఖర్చు), చివరికి పేపరు ప్రకటన. పిటిషన్ వేసేముందే ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి బీమా కంపెనీ, పాలసీ ముగిసే తేదీ చూసుకుని, రిజిస్ట్రేషన్‌లో ఉన్న యజమాని పేరు, ఇప్పుడు బండి వాడుతున్నవాళ్ల పేరూ కనుక్కుంటే ఒక ఏడాది మిగలొచ్చు. రిజిస్ట్రేషన్‌లో పేరున్నవారే చట్టం ముందు యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది గనుక ఆ పేరు వదలకూడదు. ఆర్టీసీ సొంత బస్సైతే సంస్థే నేరుగా ప్రతివాది. అద్దె బస్సైతే యజమానిని, బీమా కంపెనీని కూడా చేర్చాలి. బీమా లేని బండి అయితే దాన్ని విడిపించుకుపోకుండా మేజిస్ట్రేట్ కోర్టులో ముందే అభ్యంతరం వేయించాలి. అటువంటి బండిని వేలం వేసి డబ్బు ట్రిబ్యునల్‌లో జమ చేసేలా నిబంధనలు చేయమని 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. బండి గుద్ది ఆగకుండా పోయి, ఎవరిదో తెలియకపోతే పిటిషన్ దారి వేరు: ఆర్‌డీఓ లేదా తహసీల్దారు దగ్గర దరఖాస్తు, తీవ్ర గాయానికి రూ.50 వేలు.

బీమా కంపెనీ కౌంటర్‌లో (కోర్టుకిచ్చే రాత జవాబులో) లైసెన్సు, పర్మిట్, ఫిట్‌నెస్ మీద అభ్యంతరాలుంటాయి. వీటిలో ఒక పేచీ తగ్గింది. 7,500 కిలోలలోపు రవాణా బండిని మామూలు కారు లైసెన్సుతో నడిపినా చెల్లుతుందని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. బడి ఆటోలు, వ్యాన్ల కేసుల్లో వాదన చాలామటుకు దీంతో తెగుతుంది. ట్రాలీలో కూర్చున్న పిల్లల కేసు మాత్రం ఇప్పటికీ కష్టమే. వ్యవసాయ పనికి తీసుకున్న పాలసీలో ప్రయాణికులకు చోటు లేదని కంపెనీ వాదిస్తుంది. చాలా కేసుల్లో ముందు కంపెనీ చెల్లించి తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోమని కోర్టులు చెప్పాయి, అన్నింట్లోనూ కాదు. కూలీల ట్రాలీలో పిల్లలను ఎక్కించే రైతులు ఈ సంగతి తెలుసుకుని ఉండాలి. ‘పిల్లవాడే అడ్డంగా ఉరికిండు’ అన్న వాదం చిన్న పిల్లల విషయంలో సాధారణంగా నిలవదు, దానికి భయపడి రాజీ పడనక్కర్లేదు.

తండ్రి సాక్ష్యం పూర్తయ్యాక కేసు ఆగేది డాక్టరు దగ్గర. వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరు వచ్చి చెబితేనే దానికి బలం. ఆయన బదిలీ అయి ఉంటాడు, లేదా ఆపరేషన్ రోజే కోర్టు రోజు అవుతుంది. ఒక్క డాక్టరు కోసం పది వాయిదాలు పోవడం మామూలే. డాక్టర్లను గంటలకొద్దీ వరండాలో కూర్చోబెట్టవద్దని, వాళ్లకు వీలైన సమయం ఇవ్వాలని, అవసరమైతే కమిషన్ ద్వారా సాక్ష్యం తీసుకోవాలని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అడ్వకేట్ కమిషనర్‌ను వేసి దవాఖానలోనే సాక్ష్యం తీసుకోమని, లేదా వీడియో ద్వారా తీసుకోమని మొదటి సమన్లు తిరిగొచ్చిన రోజే పిటిషన్ వేయాలి. పదో వాయిదాకు వేసినా ఉపయోగం తక్కువే. నల్లగొండ, మహబూబ్‌నగర్ సర్కారు మెడికల్ కాలేజీల వాళ్లు నెలకు రెండు మధ్యాహ్నాలు ఈ సాక్ష్యాలకు కేటాయిస్తే ఎందరో పిల్లల కేసులు ముందుకు కదులుతాయి. ఇది ఖర్చు లేని పని. కలెక్టరు, జిల్లా జడ్జి కూర్చుని మాట్లాడుకుంటే చాలు.

సర్టిఫికెట్‌లో అంకె చూసి మోసపోయే చోటు ఇంకొకటుంది. కాలికి 40 శాతం వైకల్యం అంటే ఒంటికంతా 40 శాతం అని కాదు. డాక్టరు ఏ లెక్కన రాశారో సాక్ష్యంలోనే స్పష్టం చేయించాలి. పరిహారం లెక్కలోనూ రెండు దారులున్నాయి. 2013 ఆగస్టులో సుప్రీంకోర్టు పిల్లలకు ఒక పట్టిక ఇచ్చింది: ఒంటి మొత్తం మీద వైకల్యం 10 శాతం లోపైతే రూ.1 లక్ష, 30 దాకా 3 లక్షలు, 60 దాకా 4 లక్షలు, 90 దాకా 5 లక్షలు, ఆపైన 6 లక్షలు. వైద్యం, తోడు మనిషి ఖర్చు వేరుగా. తర్వాత 2020, 2024, 2025 తీర్పుల్లో పిల్లవాడు పెద్దయ్యాక నైపుణ్యం ఉన్న కార్మికుడిగా సంపాదించగలిగేదాన్ని కనీస వేతనంతో లెక్కగట్టారు. ఉదాహరణకు నెలకు రూ.10 వేలు అనుకోండి. భవిష్యత్తు పెరుగుదలకు 40 శాతం కలిపితే 14 వేలు. పన్నెండు నెలలు, వయసును బట్టి కోర్టులు వేసే 18 గుణకం వేస్తే రూ.30.24 లక్షలు. అందులో 40 శాతం వైకల్యానికి సుమారు రూ.12.10 లక్షలు. పట్టిక ప్రకారమైతే నాలుగు లక్షలే. పిటిషన్‌తో పాటు ప్రమాదం నాటి కనీస వేతనాల జీవో పట్టిక జత చేస్తే కింది కోర్టులోనే సరైన అంకె వస్తుంది, అప్పీలుకు పోయే ఏళ్లు మిగులుతాయి. మంచం మీదే ఉండే పిల్లలకు తోడు మనిషి ఖర్చు అడగడం మరవవద్దు. హర్యానా పాప కేసులో నెలకు రూ.5 వేల చొప్పున ఇద్దరికి లెక్కగట్టి, దానికే రూ.21.60 లక్షలిచ్చారు. అప్పీలు వేయాలంటే తీర్పు నుంచి 90 రోజులే గడువు.

లోక్ అదాలత్ మంచిదే, మంచి కేసుకు. చేయి విరిగి పూర్తిగా అతికి, లోపల వేసిన రాడ్డు తీసేసి, వంకర లేకపోతే రాజీ చేసుకుని డబ్బు తెచ్చుకోవడం తెలివైన పని. రాడ్డు ఇంకా లోపలే ఉండగా, పెరుగుదల పొర సంగతి తేలకుండా సంతకం పెట్టకూడదు. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేదు. మైనర్ తరఫున ఏ రాజీ అయినా కోర్టు అనుమతి ఉండాల్సిందే. ఆ అనుమతి ఇచ్చేముందు డాక్టరు తాజా కాయితం చూడమని జడ్జి గారిని కోరే హక్కు తల్లిదండ్రులకుంది. బీమా కంపెనీ మొదట చెప్పే మొత్తానికీ ఇదే వర్తిస్తుంది, ఒప్పుకుంటే కేసు ముగిసినట్టే.

బండి లేని గాయాల కేసులు ఇంకా నెమ్మది. కిందికి వేలాడే కరెంటు తీగ తగిలితే సివిల్ దావా లేదా హైకోర్టులో రిట్. కోర్టు ఫీజు కట్టలేనివాళ్లు పేదవారిగా అనుమతి కోరవచ్చు. దవాఖాన నిర్లక్ష్యం అయితే జిల్లా వినియోగదారుల కమిషన్, గడువు రెండేళ్లు. నెలలు నిండకుండా 1996లో పుట్టి, వేళకు కంటి పరీక్ష చేయక చూపు పోయిన తమిళనాడు పాపకు సుమారు రూ.1.80 కోట్ల తీర్పు వచ్చింది 2015లో. అటువంటి కేసులో మొదటి వారంలోనే కేస్‌షీటు కాపీ రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.

తీర్పు వచ్చినా డబ్బు చేతికి రాదు, రాకూడదు కూడా. మైనర్ వాటాను జాతీయ బ్యాంకులో పద్దెనిమిది నిండేదాకా డిపాజిట్ చేయిస్తారు. దాని మీద అప్పు తీసుకోనివ్వరు. మధ్యలో ఆపరేషన్ కావాలంటే దవాఖాన అంచనా జతచేసి చెక్కు పిటిషన్ వేస్తే కోర్టు విడుదల చేస్తుంది; నెలనెలా వడ్డీ సంరక్షకుడి ఖాతాకు ఇవ్వమనీ అడగవచ్చు. ఇక్కడ చివరి ఆలస్యం. పిల్లవాడు మేజర్ అయినా ఎవరూ కోర్టుకు పోరు. తండ్రి చనిపోయి ఉంటాడు, వకీలు మారి ఉంటాడు, రసీదు పోయి ఉంటుంది. ఇట్లా ట్రిబ్యునళ్లలో ఎవరూ తీసుకోని డబ్బు దేశమంతా పేరుకుపోయిందని సుప్రీంకోర్టే తనంతట తాను విచారణ చేపట్టి, 2025 ఏప్రిల్‌లో ఆదేశాలిచ్చింది. పద్దెనిమిది నిండిన వారంలో పదో తరగతి మెమో, ఆధార్, సొంత బ్యాంకు పాస్‌బుక్, తీర్పు కాపీ తీసుకుని, మేజర్‌గా ప్రకటించి డిపాజిట్ విడుదల చేయమని పిటిషన్ వేయాలి. ఎంవీఓపీ నంబరు, తీర్పు తేదీ, బ్యాంకు శాఖ పేరు ఇంటి రేషన్ కార్డు వెనక రాసి పెట్టుకున్నా చాలు.

వకీలు ఫీజుకు భయపడేవాళ్లకు ఒక మాట: పిల్లలకు, ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. కోర్టు ఆవరణలోనే దాని ఆఫీసు ఉంటుంది, న్యాయసేవల హెల్ప్‌లైన్ నంబరు 15100.

మీ పేజీలో ఇంత చోటు ఉండదని తెలుసు. కత్తిరించాల్సి వస్తే ఏది తీసేసినా ఫర్వాలేదు గానీ ఆరు నెలల గడువు, పెరుగుదల పొర ప్రశ్న, 15100 నంబరు, ఈ మూడూ ఉంచగలరు. వీలైతే పిల్లలకు దెబ్బలు తగిలిన ప్రతి ప్రమాద వార్త కింద రెండు లైన్లలో వేయగలరు.

ఇట్లు,
మోటారు ప్రమాద కేసులు చూసే ఒక న్యాయవాది,
రామగిరి, నల్లగొండ.